కొట్టి పారిపోయే రోబో

2023లో నేను నానక్‌రామ్‌గూడలోని ఒక చిన్న గేమ్ స్టూడియోలో కాంబాట్ డిజైనర్‌గా పనిచేసేవాణ్ణి. ఆటలో ఏ ఆయుధం ఎంత దెబ్బ కొట్టాలో, ఎవరు ఎంత వేగంగా కదలాలో తేల్చడం నా ఉద్యోగం. అప్పుడు మేం చేస్తున్నది మెక్‌ల ఆట. మెక్ అంటే మనిషి లోపల కూర్చుని నడిపే భారీ యుద్ధ రోబో. దానికి బిగించే ఇంజిన్, కవచం, ఆయుధాల కూర్పును లోడౌట్ అంటాం. మొత్తం బరువుకు ఒక హద్దు ఉంటుంది కాబట్టి ఒకటి పెంచితే మరొకటి తగ్గించాల్సిందే.

మా టెస్టర్లలో అందరికంటే బాగా ఆడేది శ్రీలత. ఖాజాగూడలో పుట్టి పెరిగిన మనిషి. నన్ను అన్నా అని పిలిచేది. రాజమండ్రి అలవాటు పోక నేను ఆమెను గారూ అనేవాణ్ణి. ఆ వేసవిలో స్కూటీ మీది నుంచి పడి ఆమె కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఆఫీసుకు వచ్చింది గానీ, మౌస్ పట్టుకుంటే చెయ్యి చురుగ్గా తిరగడం లేదు. కాసేపు ఆడితే నొప్పి. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో టీ ముందు పెట్టుకుని చెప్పింది.

"అన్నా, నన్ను రిపోర్టుల పనికి మార్చమని మాధవి మేడమ్‌ను అడుగుదామనుకుంటున్న. వేరేటోళ్లు ఆడుతుంటే ఉత్తగ చూసుడు కష్టమే. కానీ ఇగ ఏం చేస్త?"

"కొన్నాళ్లు ఆగండి శ్రీలత గారూ. ఒకటి ప్రయత్నించి చూద్దాం," అన్నాను.

నా మనసులో ఉన్నది పిచ్చుక. మా ఆటలో అన్నిటికంటే చిన్న మెక్‌కు పెట్టిన పేరది. ఎవరూ దాన్ని ఎంచుకోవడం లేదని, విడుదలకు ముందే తీసేద్దామని మా లీడ్ మాధవి గారు అంటున్నారు. దానికి మేం పెట్టిన మెషిన్ గన్‌తో శత్రువు మీద గురి చెదరకుండా కాలుస్తూనే ఉండాలి. శ్రీలత చేతికి కుదరనిది సరిగ్గా అదే.

గన్ తీసేసి, దగ్గర నుంచి పేల్చే మిసైళ్లు పెట్టాను. అవి గుంపుగా విచ్చుకుంటూ వెళ్తాయి, సన్నటి గురి అక్కర్లేదు. ఒకసారి పేల్చాక మళ్లీ నిండడానికి కొన్ని సెకన్లు పడుతుంది. దాన్ని రీలోడ్ అంటారు. ఆ కాసేపూ ఎడమ చేత్తో కీబోర్డు మీద పరుగు తీస్తే చాలు, కుడి చేతికి విశ్రాంతి. మిగిలిన బరువులో చాలావరకు ఇంజిన్‌కే ఇచ్చాను.

కొత్త లోడౌట్‌తో శ్రీలత దూసుకెళ్లి కొట్టింది. వెనక్కి తిరిగి రెండు అడుగులు వేసేసరికి పిచ్చుక పేలిపోయింది. రెండోసారీ అంతే.

"పొయ్యేటప్పుడు ఏం అయితలేదన్నా. వచ్చేటప్పుడే సచ్చిపోతున్న," అంది. కాస్త ఆలోచించి, "ఉరికేటోనికి దెబ్బ వీపుకే తాకుతది గద. కవచమంత ముందట పెట్టినవ్. జర ఎనకకు జరుపు," అంది.

ఎదురు నిలిచి పోరాడేవాళ్లనే ఊహించుకుంటూ ప్రతి మెక్‌కూ ఛాతీ మందం చేయడం మాకు అలవాటైపోయింది. ముందు కవచం పల్చన చేసి వీపుకూ కాళ్లకూ వేశాం. ఇంజిన్‌లో కొంచెం తగ్గించాం. ఆ వారమంతా ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, ఆమె ఆడుతుంటే నేను మారుస్తూ పోయాను. ఆమె మళ్లీ ఆట మధ్యలో గొణుక్కోవడం మొదలుపెట్టింది. చెయ్యి విరగక ముందు అలాగే గొణుక్కునేది.

పిచ్చుకను ఉంచాలా తీసేయాలా అని తేల్చే రివ్యూ రోజు మాధవి గారే అన్నిటికంటే బరువైన మెక్ ఎక్కారు. మొదటి ఆటలో శ్రీలత ఒక సందులో ఇరుక్కుని ఓడిపోయింది. ఆమె చెయ్యి విదిలించుకుని మళ్లీ మొదలుపెట్టింది.

రెండో ఆటలో మాధవి గారి మెక్ తిరగడానికే సమయం చాల్లేదు. "శ్రీలతా, ఎక్కడున్నావ్?" అని అడిగారు.

"మీ ఎనకనే ఉన్న మేడమ్."

మిసైళ్లు పేలాయి. తిరిగి చూసేసరికి అక్కడెవరూ లేరు. అలా కొట్టడం, పారిపోవడం, గోడ చాటున నిండేదాకా ఆగడం, మళ్లీ రావడం. చివరికి ఆ పెద్ద మెక్ మోకాళ్ల మీద కూలింది.

మాధవి గారు హెడ్‌సెట్ తీసి నవ్వారు. "పిచ్చుకను ఉంచుదాం. మరి నీ చెయ్యి ఎలా ఉంది?"

"నొస్తలేదు మేడమ్. మధ్యమధ్యల దానికి జర దమ్ము దొరుకుతది," అంది శ్రీలత, మణికట్టు రుద్దుకుంటూ. రిపోర్టుల పని సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు.

అంతకుముందు రీలోడ్ అంటే నా లెక్కలో ఆయుధం మరీ బలమైపోకుండా వేసే శిక్ష. ఇప్పుడు ఏ లోడౌట్ చేసినా, ఆ కొన్ని సెకన్లలో ఆడేవాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో ముందు చూస్తాను.