మగ్గానికి పోసిన నీళ్లు

మా అత్తగారింట్లో నీళ్లు ముందుగా తాగేది మగ్గం. తర్వాత మగవాళ్లు, ఆ తర్వాత మేక, మిగిలితే కోడలు. ఇది ఎకసెక్కానికి అంటున్న మాట కాదు. పొద్దున్నే బావి నుంచి నేను మోసుకొచ్చిన మొదటి బిందె నీళ్లు మామ కాళ్లు దించుకుని కూర్చుని నేసే మగ్గం గుంత చుట్టూ నేల మీద చల్లాలి. తర్వాతి బిందె ఆ గది గుమ్మానికి కట్టిన గోనెపట్టా మీద పోయాలి. వేసవిలో గదిలో తడి ఆరిందంటే నూలు పెళుసెక్కి, పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. తెగినప్పుడల్లా మామ నేత ఆపి, పోగు అతుక్కుంటూ మా పుట్టింటివాళ్లను తిట్టేవాడు. వడగాలికి ఇక్కడ పోగు తెగితే మంథనిలో ఉన్న మా బాపు చేసిన పాపమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

నిజాం రాజ్యం పోయి అప్పటికి కొద్ది కాలమే అయింది. నన్ను సిరిసిల్ల దిక్కు ఇచ్చారు. నేను గోదావరి ఒడ్డున పెరిగినదాన్ని. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇసుకలో కాలు పెడితే బొబ్బలెక్కేవి, ఏట్లో దిగితే ప్రాణం లేచొచ్చేది. చలికాలం తెల్లవారుజామున అదే ఇసుక కాళ్లను కొరికేది, నీళ్లు మాత్రం వెచ్చగా ఉండేవి. ఇసుక ఇట్టే కాగి ఇట్టే చల్లారేది. నీళ్లకు ఆ తొందర లేదు. నది ఉన్న ఊళ్లో ఎండ కూడా కాస్త మర్యాదగా ఉంటుందని పెళ్లయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. అత్తగారి ఊళ్లో చుట్టూ బండలే. పొద్దెక్కకముందే కాగిపోయేవి. గాలిలో చుక్క తడి ఉండేది కాదు, చీర ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోయేది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నా మొదటి కాన్పు సరిగ్గా ఆ కార్తెలోనే వచ్చింది. నన్ను కన్న మా అవ్వ అప్పటికే పోయింది. పుట్టింట్లో పురుడు పోసే దిక్కు లేక అత్త చేతిలో పడ్డాను. మగ్గం గదిని ఆనుకుని కిటికీ లేని గది ఒకటి ఉండేది. నన్నూ పిల్లనూ అందులో వేసి, తలుపు మూసి, మంచం కింద కుంపటి పెట్టింది. బాలింతకు గాలి తగలకూడదు, నీళ్లు తాగకూడదు. వాము వేసి కాచిన నీళ్లు పూటకో గుక్కెడు పోసేది, అదీ కొలిచి.

“దూపైతుందత్తా. జరన్ని నీళ్లియ్యి” అని అడిగాను.

“బాలింతకు నీళ్లా? సన్నిపాతం కొడ్తది. నువ్వు సస్తె నన్నంటరు. మూస్కొని పండు!” అంది.

గోడ అవతల నీళ్లు చల్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేలకు పోశారు, గోనెకు పోశారు, నూలు దప్పిక తీర్చారు. మా ఆయన తలుపు బయట నిలబడి నీళ్లు నమిలాడు. “అవ్వకు తెల్వదా? జర ఓపిక వట్టు” అని తన పనికి తాను పోయాడు. నాకు పాలు ఎండిపోయాయి. పిల్ల ఒళ్లు పెనంలా కాలింది, మాడు గుంటపడింది. ముందు ఏడుపు ఆపింది, తర్వాత నోరు తెరవడం మానేసింది, ఆ తర్వాత పోయింది. గాలి సోకిందన్నారు. గాలే చొరని గదిలోకి ఏ గాలి వచ్చిందని అడిగితే నాది నోటి దురుసు అన్నారు.

మళ్లీ కాన్పు. మళ్లీ ఎండాకాలమే, మళ్లీ ఆడపిల్లే, అదే గది, అదే కుంపటి. అత్తకు ఒక బిడ్డ పోయిందన్న జ్ఞాపకం కూడా ఉన్నట్టు లేదు. ఒక మధ్యాహ్నం పిల్ల ఏడుపు ఆపింది. మాడు మీద వేలు పెట్టి చూశాను. గుంట. ఇక నేను ఎవరినీ ఏమీ అడగలేదు. పిల్లను ఎత్తుకుని, గోడ పట్టుకుని నడిచి, తడి గోనెను పక్కకు లాగి మగ్గం గదిలోకి పోయాను.

ఆ చల్లదనం ముఖానికి తగలగానే ఒళ్లు మండిపోయింది. కడుపుతో ఉండి, కాన్పు రోజు దాకా ఆ చలువకు నీళ్లు మోసింది నేను. నేను తప్ప అందరూ అనుభవిస్తున్నారు.

“మైల! మగ్గం మైలవడ్డది!” అంటూ మామ గుంతలోంచి లేచి గోడకు కరుచుకుపోయాడు. పురిటి మనిషిని తాకితే తలస్నానం చేయాలి మరి. నేను గది మూలన ఉన్న నీళ్ల కుండలో చెంబు ముంచి కడుపారా తాగాను. తడి చేత్తో పిల్ల ఒళ్లంతా తుడిచి, మగ్గం పక్కన తడి నేల మీద కూర్చున్నాను. అత్త గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“బయటికి రావే! కూడువెట్టే మగ్గం మీద మన్ను వోస్తవా?”

“వచ్చి గుంజుకపో అత్తా. దా, ముట్టుకో.”

ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే స్నానం చేయాలి, ఆ పూటకు ఇంట్లో మిగిలిన నీళ్లన్నీ నా చెయ్యి పడిన కుండలోనే ఉన్నాయి. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. పొద్దు వాలేదాకా కదల్లేదు. చీకటి పడుతుండగా పాలు దిగాయి, పిల్ల నోరు తెరిచింది.

నేను లేచి నా గదికి బయల్దేరితే అసలు సంగతి అప్పుడు బయటపడింది. పురిటి మనిషి ముట్టిన వస్తువు పురుడు తీరేదాకా ఇంకెవరికీ పనికిరాదు. ఆ ఆచారం నాది కాదు, అత్తదే. “గా కుండ, గా గోనె నువ్వే ఏడువు, తీస్కపో!” అని అరిచింది. తీసుకుపోయాను. గోనెను తడిపి నా గది గుమ్మానికి కట్టాను, కుండను మంచం పక్కన పెట్టాను, కుంపటి మీద చెంబెడు నీళ్లు కుమ్మరించాను. ఆ రోజు నుంచి తలుపు మూయనివ్వలేదు. కుండ ఖాళీ అయితే మా ఆయన తాకకుండా ఎత్తు నుంచి నీళ్లు పోసేవాడు. పెళ్లయ్యాక ఆయన బిందె ఎత్తడం అదే మొదలు.

మైల పోవాలని మగ్గం గదిని గోడల దాకా కడిగించింది అత్త. ఆ నీళ్లూ ఆయనే మోశాడు. మర్నాడు ఒక్క పోగూ తెగలేదు. మగ్గం తల్లి శాంతించిందని అత్త కొబ్బరికాయ కొట్టింది. అన్ని నీళ్లు పోస్తే ఎందుకు తెగుతుందని నేను లోపలి నుంచి అరిచాను.

ఆ పిల్ల బడిలో పై తరగతులకు వచ్చింది. ఒకనాడు పాఠం పైకి చదువుతోంది. నీరు ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుందట. అందుకే సముద్రం పక్క ఊళ్లలో ఎండా చలీ మితంగా ఉంటాయట, దూరాన ఉన్న మనలాంటి ఊళ్లు మాడిపోతాయట. నీరు ఆవిరవుతూ చుట్టుపక్కల వేడిని పట్టుకుపోతుందట. అత్త అరుగు మీద కూర్చుని వింటూ మురిసిపోయింది.

“ఎట్ల సదువుతుందో సూడు! నా కుంపటి పుణ్యాన బతికిన పోరి” అంది.

పిల్ల పుస్తకంలోంచి తలెత్తి నా వైపు తిరిగి, “అవ్వా, గీ నీళ్ల సంగతి నీకు ముందే ఎర్కనా?” అని అడిగింది.

“ఎర్కనే బిడ్డా, చిన్నప్పటి సంది ఎర్క. ముట్టుకుంటే కుండ నాదైతదని మాత్రం ఎర్కలే. గదొక్కటి ఎర్కుంటే నీకో అక్క ఉంటుండె” అన్నాను.

అత్తకు వినబడాలనే గట్టిగా అన్నాను.