మా స్కూల్‌కి రావద్దన్న మా అమ్మాయి

2009లో మంచి హైస్కూల్ కోసం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో స్తోమతకు మించిన ఇల్లు కొన్నాం. అదే తెలివి మిగతా తెలుగువాళ్లకూ ఉందని తర్వాత తెలిసింది. అంతకుముందు మేమున్న క్యారీ ఊళ్లో క్లాస్ ఫస్ట్ వచ్చే మా హారికకు ఇక్కడ తొంభై రెండు మార్కులొచ్చినా బి గ్రేడే. మిగతా పిల్లల మార్కులతో పోల్చి గ్రేడ్ ఇస్తారు మరి. యూనివర్సిటీ సీటుకు ర్యాంకు కావాలి. అది నెలనెలా జారుతోంది.

ఒక ఆదివారం, దగ్గర్లోని శాన్ రామన్ నుంచి నా మిత్రుడు రమణ కుటుంబంతో భోజనానికి వచ్చాడు.

"మీ స్కూల్ దగ్గరే ఇల్లు చూస్తున్నాం. స్కూల్ ఎలా ఉంది హారికా?"

"మీ అబ్బాయి బాగా చదువుతాడా అంకుల్?"

"అన్నీ ఏ గ్రేడ్‌లే అమ్మా!"

"అయితే ప్లీజ్, రాకండి."

అందరం పగలబడి నవ్వాం. హారిక మాత్రం కలిపిన అన్నం వదిలేసి పైకి వెళ్లిపోయింది. వెనకే వెళ్లి తలుపు తట్టాను.

"నేను చదవడం ఆపలేదు డాడీ. క్లాసులో మిగతావాళ్లూ ఆపట్లేదు," అంది లోపలి నుంచి, ఏడుపు గొంతుతో.

పిల్లను మంచి స్కూల్‌లో వేయడమంటే ఏమిటో అప్పుడు కొంచెం అర్థమైంది. కింద రమణ మా ఆవిడను ఇళ్ల ఏజెంట్ నంబర్ అడుగుతున్నాడు.