ఒంటి మీద కుట్టిన రాణి గౌను

దేవునికి స్తోత్రం. ఈ వయసు వరకు నన్ను కాచి, కళ్లలో ఇంకా చూపు మిగిల్చిన ఆయన కృపను ఎంత కొనియాడినా తక్కువే. ఆ చూపుతోనే మొన్న మనవరాలి ఫోనులో ఫోటోలు చూశాను. ఏదో కథలోని రాణిలా పొడవాటి నీలి గౌను వేసుకుని, ఒకటి కిటికీ వెలుగులో, ఒకటి సాయంత్రపు ఎండలో, ఒకటి రంగు దీపాల కింద దిగింది. చూస్తూ చూస్తూ నేను చిన్ననాటి మా మానుకోటకు వెళ్లిపోయాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి మాకు ఒక ఏడాది పోయింది. ఆ తరువాత ఎలాగో చదువు ముగించి, వరంగల్‌లో నర్సు శిక్షణకు పిలుపు వచ్చిందని పొంగిపోతున్న రోజులవి. ఆ క్రిస్మస్‌కు సంఘపు నాటకంలో నాది రాణి వేషం. ఎవరో మిషను దొరసాని వదిలి వెళ్లిన తెల్ల గౌను, హుక్కులు ఊడిపోయి నా ఒంటికి వదులుగా ఉండేది. నాటకం అయిన మరునాడు పొద్దున్నే, ఫోటోలు తీయిద్దామని పెద్దమ్మ దాన్ని నా ఒంటి మీదే వీపు వెంట సూదితో కుట్టసాగింది. అలా కుట్టేటప్పుడు నోట్లో దారపు పోగు కరిచిపట్టి, మాట్లాడకూడదని మా ఇళ్లలో పట్టింపు. బాప్తిస్మం పొందినా అది మమ్మల్ని వదల్లేదు.

నేను పోగు కరిచి నిలబడి ఉండగా పెద్దమ్మ అమ్మతో అంది: "గీ ఫోటువలు మరిపెడోళ్లకు పంపుదాం. పిల్లగాడు బడిల సారు. ఇగ వరంగల్ ఎందుకే? ఉద్యమంల ఒక ఏడు పాయె, ఇంక మూడేండ్లంటే ముసల్దయితది."

అమ్మ నా వైపు చూసి, "ఏమంటవు బిడ్డా?" అంది.

"అదేమంటది, నోట్ల దారం పెట్టుకొని! దానికి ఇష్టమేనే," అని పెద్దమ్మ నవ్వింది.

పోగు ఉమ్మేస్తే సరిపోయేది. ముందురోజు అంతమంది ఎదుట రాణిలా గద్దించిన నోరు పెద్దమ్మ సూది ముందు తెరుచుకోలేదు. ఈ ఫోటో అయ్యాక చెబుదాం, ఆ ఫోటో అయ్యాక చెబుదాం అనుకుంటూనే, ఎవరో కుట్టు విప్పితే తప్ప బయటపడలేని ఆ గౌనులో, మా ప్రార్థన గుడి మెట్ల మీద పొద్దుటి ఎండలో, మామిడి నీడలో, చివరకు స్టూడియోలో రెండు పెద్ద దీపాల వేడిలో నిలబడ్డాను.

"జర నవ్వు బిడ్డా, గంజి పెట్టిన బట్ట లెక్క బిగుసుకున్నవేంది?" అన్నాడు స్టూడియో ఆయన.

మరిపెడ వాళ్లకు ఫోటోలు నచ్చాయి. శిక్షణ మొదలయ్యేనాటికి నేను వాళ్లింట్లో పొయ్యి ముందు ఉన్నాను. మా ఆయన మంచివారే, ప్రభువు ఏ లోటూ చేయలేదు. అయినా దవాఖానలో తెల్లచీర కట్టిన నర్సమ్మ కనబడితే ఇప్పటికీ తల తిప్పుకుంటాను.

ఇప్పుడు మా సంఘంలో పెళ్లికి ముందు పాస్టరుగారు అమ్మాయిని వేరుగా కూర్చోబెట్టి ఇష్టం అడుగుతున్నారు. మా రోజుల్లో ఆడపిల్లను అడిగే అలవాటే లేదని చెప్పుకుంటే నాకు ఊరటగా ఉండేది. కాని అమ్మ అడిగింది. అడిగిన క్షణాన నోరు తెరిచే ధైర్యం మన పిల్లలకు ఇమ్మని నాతోపాటు మీరూ ప్రార్థించండి. ఆమేన్.