ఎంకవ్వ వేసిన సైకిల్ తొవ్వ

దవాఖాన ఉన్న కుండల్‌వాడికి నాలుగు మైళ్ల దూరంలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊరు ఎంకవ్వది. సొంత భూమి లేదు. ఆమె మగడు మారయ్య బావులు తవ్వే కూలి. 1969 శ్రావణంలో బావిలో మందు పేల్చినప్పుడు రాయి వచ్చి అతని తొడకు తగిలింది. నెత్తురు ఆగలేదు. తమ్ముడు హన్మంతు అన్నను సైకిల్ వెనక కూర్చోబెట్టి, తువ్వాలతో తన నడుముకు కట్టుకుని దవాఖానకు బయల్దేరాడు. ఎంకవ్వ వెనకాల పరుగెత్తింది.

దారి అంటే చేల మధ్య మట్టి తొవ్వే; తడిసిన రేగడి సైకిల్‌ను పోనివ్వదు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మన్ను గడ్డకట్టి చక్రం ఆగిపోయింది. హన్మంతు పుల్లతో గీకాడు. పది బారలు పోయాక మళ్లీ అదే. నాలుగోసారి సైకిల్‌ను చేలో పడేసి అన్నను వీపున వేసుకున్నాడు. కుండల్‌వాడి ఇళ్లు కనబడే చోట మారయ్య చెయ్యి తమ్ముడి మెడ మీద నుంచి జారిపోయింది.

ఆ తరువాత హన్మంతు సైకిల్ ముట్టలేదు. ఒకనాడు వదిన ముందు కూర్చుని, "ముందుగాలనే ఎత్తుకుంటే అన్న బతుకుతుండె వదినె. నేనే ఆలిశం జేసిన" అన్నాడు.

"నువ్వు గాదు. తొవ్వ లేకపాయె" అంది ఎంకవ్వ.

1972లో వానలు పడలేదు. ఊరు ఊరంతా సర్కారు కరువు పనికి పోయింది. ఆ పని, వాళ్ల ఊరి నుంచి కుండల్‌వాడికి రోడ్డు వేయడం. ఎంకవ్వ ఎండలో కూర్చుని నెల రోజులు కంకర కొట్టింది. కొడుతూనే ఆలోచించింది: పైన పోసే మొరం గరపమట్టి, ఇనుప పట్టాల ఎడ్లబండ్ల కింద ఒక్క వానకే నలిగి గాడి పడుతుంది, సైకిల్ మళ్లీ బురదలోనే. పని చూసే వెంకట్రావ్ దగ్గరికి పోయి, సైకిళ్లకని ఒక అంచున రెండు మూరల వెడల్పున మొరం గట్టిగా దిమ్మిస కొట్టి, బండ్లు ఎక్కకుండా రాళ్లు పాతమని అడిగింది. ప్లానులో లేదన్నాడాయన.

"మా ఊర్ల బండ్లు నాలుగే సాబ్. సైకిళ్లు పదమూడు. ఈ తొవ్వ ఎవలకు ఏస్తున్నరు?"

వెంకట్రావ్ హాజరు పుస్తకం తెరిచి పేర్లు పిలవసాగాడు.

ఆ సాయంత్రం పని విడిచాక ఎంకవ్వ ఒక్కతే గంపతో మొరం మోసింది. మూడోనాడు పక్కింటి సంగవ్వ కలిసింది. తరువాత హన్మంతు దిమ్మిస పట్టాడు. పక్షం రోజులకు వెంకట్రావ్ సైకిల్ మీద వచ్చి వరసగా పాతిన రాళ్లను చూశాడు. పెద్ద సాహెబు కొలతలకు వచ్చేలోగా పీకెయ్యమన్నాడు. ఎవరూ లేవలేదు. ఆయన ఆ అంచు మీదుగానే సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు ఆ పక్కన ఒక మొరం కుప్ప పోయించి ఉంది.

మరుసటి ఏడు వానలకు రోడ్డు మధ్యంతా గాడి పడింది. రెండు మైళ్ల అంచు మాత్రం నిలిచింది. మిగతా అంచు పూర్తి కానేలేదు. హన్మంతు మళ్లీ సైకిల్ ఎక్కాడు. ప్రతి ఏడూ వానలు వెలిశాక ఎంకవ్వ గంప తీసుకుపోయి గుంటలు పూడ్చేది.

1984లో తారు రోడ్డు వచ్చింది. అంచు దాని కింద పోయింది. కొత్త రోడ్డు చూపిస్తానని హన్మంతు వదినను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. ఎదురుగా లారీ వస్తే సైకిల్‌ను పక్క బురదలోకి దించాడు.

"మల్ల పక్కకు దిగుడే ఉన్నది" అంది ఎంకవ్వ.

మర్నాడు పంచాయతీకి పోయి సైకిళ్లకు అంచు కావాలని చెప్పింది. విన్నవాళ్లు తలూపారు. కొత్త రోడ్డుకు అంచు మాత్రం ఎవరూ వేయలేదు.