రేకుల మీద పాలపన్ను

పోయిన మంగళవారం మా ఎదురింటి పెద్దమ్మ చనిపోయింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చపాతీలు వత్తుతుండగా ఫోన్ వచ్చింది. డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె కొడుకు బీదర్ దగ్గరి సొంతూరికి తీసుకెళ్లిపోయాడు. తలుపుకు తాళం ఉంది. ఆఖరి చూపు కూడా నాకు దక్కలేదు.

నా భర్త లారీ డ్రైవర్. నెలలో ఎక్కువ రోజులు బొంబాయి రోడ్డు మీదే ఉంటాడు. ఈ జహీరాబాద్‌లో నాకూ, ఆమెను అవ్వా అని పిలిచే నా బిడ్డకూ మనిషి తోడంటే ఆమే.

నాలుగేళ్ల కింద, బిడ్డకు ఏడేళ్లప్పుడు, వెనక పన్ను పుచ్చి నొప్పి మొదలైంది. దవాఖానలో చీటీలు రాసేది తొమ్మిదికి, నేను డ్యూటీ ఎక్కేది ఎనిమిదికి. మానితే ఆ రోజు హాజరు పోతుంది.

"పాలపన్నే గద బిడ్డా, ఎట్లైనా ఊడేదే. లవంగం పెట్టు," అన్నది పెద్దమ్మ. పెట్టాను. దవడ వాచాక ఇద్దరం పిల్లను ఎత్తుకొని పరుగెత్తాం.

"ఇది పాలపన్ను కాదమ్మా. ఆరేండ్లకు పాలపండ్ల వెనక కొత్తగా వస్తది. తీసేస్తే మళ్ల రాదు. జర ముందు తెస్తే నింపేదాన్ని," అన్నది డాక్టరమ్మ.

నెల రోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు. నాది మొండి కోపం. ఆమే ఓ రోజు గడపలో కూర్చొని, "నా మాటకు నీ బిడ్డ పన్ను పోయె," అన్నది. నేను కాదనలేదు. సెలవు పెట్టడం ఇష్టం లేక నేనే ఆమె మాటను సాకుగా పట్టుకున్నాను. ఆ సంగతి ఆమెకు ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలన్నా వినేవాళ్లు లేరు.

ఆ తర్వాత గల్లీలో ఆరేళ్లు నిండిన పిల్లలెవరూ ఆమె చేతికి చిక్కకుండా పోలేదు. "ఆ అను. ఇంక జర పెద్దగ," అని గడ్డం పట్టుకొని వెనక పళ్లు చూసేది. అల్లం చేలకు కూలికి పోయే తల్లులతో, "మీరు పనికి పోన్రి, లైన్ల నేను కూసుంట," అని పిల్లల్ని ఆటోలో ఎక్కించుకొని దవాఖానకు పోయేది. అందరూ పండ్ల పెద్దమ్మ అనడం విని, కొత్తగా అద్దెకు దిగినామె డజను అరటిపండ్లు అడిగింది. "నా తాన ఉన్నయే నాలుగు, అవి గూడ పుచ్చినయి," అని నోరు తెరిచి చూపించింది పెద్దమ్మ. ఆ రోజు ఎంత నవ్వుకున్నామో.

మొన్న ఆదివారం నా బిడ్డకు ఆఖరి పాలపన్ను ఊడింది. మాది స్లాబు ఇల్లు, అందుకని ఊడిన ప్రతి పన్నూ పేడలో చుట్టి పెద్దమ్మ ఇంటి రేకుల మీదికే విసిరేవాళ్లం. చప్పుడు వినగానే లోపలి నుంచి, "ముందటిదా, దౌడదా?" అని అడిగేది.

బిడ్డ విసిరింది. రేకుల మీద టప్పుమన్నది.

"దౌడది, అవ్వా," అన్నది అలవాటుగా.

ఇద్దరం ఆ తాళం వైపు చూస్తూ నిలబడ్డాం.