మధ్య స్పీకరు తీగ

పోయిన ఆదివారం మా అమ్మాయి, అటక మీదున్న పాత సరౌండ్ స్పీకర్లను తన ల్యాప్‌టాప్‌కు కలిపిపెట్టమని అడిగింది. రుఆబాంధాలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి స్మృతి నగర్‌కు వచ్చింది మొదలు ఆ అట్టపెట్టె విప్పనేలేదు. తీగల చిక్కు తీస్తుంటే, మిగతా వాటి కొసల్లో రాగి కనిపించింది గాని మధ్య స్పీకరు తీగ కొసకు మాత్రం నల్లటి టేపు చుట్టి ఉంది. చుట్టింది నేనే. మా నాన్నకు చెవులు పూర్తిగా పోయాయని బంధువులందరికీ చెప్పినవాణ్ణి నేను; అది నిజం కాదని చెప్పవలసినవాణ్ణీ నేనే.

నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇక్కడి ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. యంత్రం బాగోగులు ఆయన అరచేతితో కనిపెట్టేవారు. బేరింగు మీద చెయ్యి ఆనించి, ఇది ఇంకెన్నాళ్లు తిరుగుతుందో చెప్పేవారట. మిల్లువాళ్లకు చెవులు మందగించడం మా టౌన్‌షిప్‌లో జుట్టు నెరసినంత మామూలు సంగతి. ఆయనకూ కాస్త మందమే, అయినా టీవీ వార్తలకు ఏనాడూ ఇబ్బంది పడలేదు.

అప్పట్లో నాకు డిజిటల్ ఆడియో పిచ్చి. ఎర్రటి వెలుగు మీద శబ్దాన్ని మోసుకొచ్చే సన్నటి ఆప్టికల్ కేబుల్ కొని, ల్యాప్‌టాప్ నుంచి యాంప్లిఫయరుకు కలిపాను. యాంప్లిఫయరు వెనక వేళ్లు పట్టక, అడ్డొచ్చిన మధ్య స్పీకరు తీగను ఊడదీసి, తర్వాత పెడదాంలే అని కొసకు టేపు చుట్టాను. పాట పెట్టగానే గది నిండిపోయింది. ఆ సంబరంలో తీగ సంగతి మరిచేపోయాను. పాటలకు కుడిఎడమల స్పీకర్లే చాలు. కొత్త సినిమాల్లో మాటలు వచ్చేది మధ్యదానిలోంచి. డ్యూటీ నుంచి వచ్చి నేను వినేది పాటలే, పిల్లలకు ఇయర్‌ఫోన్లు. మధ్యాహ్నాలు ఆ స్పీకర్ల ముందు సినిమా చూసేది నాన్న ఒక్కరే.

"ఒరే, బాజాలు మోగిపోతన్నాయి గానీ మాటలు రావట్లేదురా," అన్నారు రెండోనాడే.

"అది డిజిటల్ నాన్నా. రిపేరు చేయించాల్సింది నీ చెవులకి," అన్నాను.

ఆయన లేచి ఒక్కొక్క స్పీకరు మీదా అరచెయ్యి ఆనించి చూశారు. "ఈ నడిమిది చచ్చిపోనాదిరా. వణుకు లేదు. నువ్వే చెయ్యెట్టి సూడు."

"ఇదేం మిల్లు కాదు, చెయ్యి పెట్టి చూడ్డానికి," అన్నాను. మా అబ్బాయి ఆయన చెవి దగ్గరకెళ్లి "తాతా, మషీన్ లగా లో నా!" అని, చెవి మిషను పెట్టుకోమని హిందీలో అరిచాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు.

పక్కనున్న దుర్గ్‌లో చెవులు పరీక్ష చేసినాయన వయసుకు తగ్గ మందమే అన్నా, నేను పట్టుబట్టి వినికిడి యంత్రం కొన్నాను. అది పెట్టుకుని ఒక సినిమా చూసి, "ఇప్పుడు బాజాలే ఇంకా గట్టిగా మోగుతన్నాయి," అని తీసి డబ్బాలో పెట్టేశారు. మొండితనమనుకున్నాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఆయన పాత మిత్రులు కూర్చునే బెంచీ దగ్గర, గట్టిగా మాట్లాడండి, ఆయనకు వినబడదు అని నేనే ముందుగా హెచ్చరించేవాణ్ణి. వాళ్లంతా చిన్నపిల్లాడితో అన్నట్టు మాటలు విరిచి విరిచి అరిచేవారు. క్రమంగా ఆయన బెంచీ దగ్గరికి వెళ్లడం మానేశారు. తర్వాత హాల్లోకి రావడమూ మానేశారు. ఆఖరి రెండేళ్లూ అడిగినదానికి తల ఊపడం తప్ప మాట్లాడిన గుర్తు లేదు. ఆయన పోయిననాడు కూడా, పలకరించడానికి వచ్చినవాళ్లతో, పాపం వినబడేది కాదు అనే చెప్పాను.

ఆదివారం ఆ టేపు ఊడదీసి తీగ బిగించాను. ఇప్పటి ల్యాప్‌టాప్ తెర మీద ప్రతి స్పీకరుకూ ఒక బొమ్మ ఉంటుంది, నొక్కితే అది పలుకుతుంది. మిల్లులో కూడా బేరింగు వేడినీ వణుకునూ కంట్రోల్ రూములో తెరలే చూపిస్తున్నాయి. చెయ్యి ఆనించి చూసేవాళ్లు లేరు. మధ్య బొమ్మ నొక్కాను. మోగింది.

విశాఖలో ఉన్న అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"చెయ్యెట్టి సూడమన్నాడు కదరా," అంది. "ఒక్కసారి పెట్టడానికి నీకేటి తీరుబాటు లేకపోనాదిరా?"

ఫోన్ పెట్టేసేసరికి అమ్మాయి సినిమా పెట్టుకుంది. వెళ్లి మధ్య స్పీకరు మీద అరచెయ్యి ఆనించాను. ఎవరో మాట్లాడుతున్నారు, మాట మాటకీ సన్నగా వణుకుతోంది.