నాన్న హార్మోనియంలో ఎర్ర చుక్కలు

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత నేను పుట్టానని మా అక్క అంటుంది. అననీ. పాత వాయిద్యాలు బాగుచేసి, పిల్లల చేతికిచ్చి, పైసా పుచ్చుకోని మనిషిని ఊరికే నమ్మేయడానికి నాకేం పిచ్చా?

ఆ మనిషి మా బావగారే. రిటైరయ్యాక నందిగామ ఇంట్లో కారు షెడ్డు ఖాళీ చేసి, చిరిగిన తబలాలు, పగిలిన వీణ చేరదీశారు. ఆదివారం వస్తే వీధి పిల్లలంతా అక్కడే. నాన్న హార్మోనియం కూడా ఇమ్మని అడిగారు. చందర్లపాడు వైపు పద్య నాటకాలకి నాన్న వాయించిన పెట్టె అది. ఆయన పోయాక ఆ స్వరమొక్కటే నాకు మిగిలింది. గాలి తిత్తి చిరిగి మూలపడిన మాట నిజమే. కానీ పాత పెట్టెల్లో స్వరం పలికే ఇత్తడి రీడ్లు కాజేసి, చవకరకం బిగించేస్తారని మా జగ్గయ్యపేటలో ఎవరినడిగినా చెబుతారు. బావగారు అలాంటివారు కాదంది అక్క. ఎవరు మాత్రం మొదట్లో అలాంటివారు?

అందుకే ఇచ్చే ముందు పైపలక విప్పి, మూడు రీడ్ల చివర నేనెప్పుడూ వేసుకునే గోళ్లరంగుతో తలా ఓ ఎర్ర చుక్క పెట్టాను. మారిస్తే దొరికిపోతారు.

పెట్టె బాగయిందని అక్క ఫోన్ చేయగానే బస్సెక్కాను. షెడ్డులో ఓ పాప వాయిస్తోంది. తిత్తి కొత్తది, వేలు పెడితే మెట్లు మెత్తగా దిగుతున్నాయి. కానీ మూడు మెట్ల దగ్గర స్వరం కిందికి జారి ఏడుస్తోంది. పాప మొహం చిట్లించింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"రీడ్లు మార్చేశారు కదండీ బావగారూ?" అన్నాను, పిల్లలందరి ముందూ.

ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి పైపలక విప్పారు. మూడు చుక్కలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇదుగోనమ్మా, వీటి బరువుకే స్వరం దిగిపోతోంది. గీకేస్తే సరిపోద్ది, తెలుసు. బ్లేడు కూడా పట్టుకున్నా. మావయ్యగారు ఏ నాటకం కోసమో పెట్టుకున్న గుర్తులేమోనని చేతులు రాలేదు. ఆయన కూతురివి, నువ్వు చెప్పు. చెరిపెయ్యమంటావా?"

సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

"చెరిపేయండి బావగారూ" అన్నాను, చేతులు రెండూ కొంగు చాటున దాచుకుని. గోళ్లకి అదే రంగుంది.